మా మీదుగా పోయే తీగలు

సీలేరు నీళ్లతో తీసిన కరెంటు మా కొండ మీదుగానే కిందికి పోతుంది. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, దిగువన పొల్లూరు దగ్గర 460. ఆ పెద్ద తీగల కింద చోడి కోసుకుంటూ పెరిగాం గాని, మా ఇళ్లకు బల్బు వచ్చేసరికి మాలో కొందరికి పెళ్లిళ్లే అయిపోయాయి. మాలో పంతుళ్లయినవాళ్లం 2001 నాటి ఇంధన పొదుపు చట్టం గురించి పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "సార్, రాని కరెంటును ఎలా పొదుపు చేస్తారు?" అంది. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. జవాబు మాత్రం చెప్పలేకపోయాం.

1976లో రాజ్యాంగంలో అడవుల రక్షణ చేరింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం, భోపాల్ విషవాయువు తర్వాత 1986లో పర్యావరణ చట్టం వచ్చాయి. ఢిల్లీలో అవి కాగితాలు. మాకు చట్టమంటే గార్డే. పోడులో పొగ కనిపిస్తే వచ్చి కొడవళ్లు పట్టుకుపోయేవాడు. తాత కోడిని చంకన పెట్టుకుని వెనకే వెళ్లేవాడు. అదే అడవిలో డ్యాములకు, తీగలకు చెట్లు కొట్టినప్పుడు ఎవరి కొడవలీ పోలేదు.

2006 అటవీ హక్కుల చట్టాన్ని మాత్రం మేం మళ్లీ మళ్లీ చదివాం. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి హక్కు ఇవ్వాలంది. పెద్దల మాట, పాత గట్లు, సమాధులు కూడా సాక్ష్యమేనంది. అవ్వ సర్వేవాళ్లను తాత సమాధిరాయి దగ్గరికి తీసుకెళ్లి, "ఈయన్ని అడగండి" అంది. రెండెకరాలు అడిగితే డెబ్బై సెంట్లకు పట్టా వచ్చింది. మిగతాది ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ఇప్పుడు ఎగువ సీలేరులోనే 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి అంటున్నారు. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదులుతారట. బొగ్గు పొగ తగ్గుతుందంటే మాకూ ఇష్టమే. ఎండలు ముదిరితే ముందు ఎండేది మా ఊటలే. కానీ భూమి ఎవరిది, ఎంత, మమ్మల్ని ఎప్పుడు అడుగుతారు?

ఆ రోజు ప్రశ్న వేసిన పిల్లే ఇప్పుడు మా గ్రామసభ పుస్తకం రాస్తుంది. వేలిముద్రలు వేయించే ముందు ప్రతి వాక్యం మా భాషలో చదివి వినిపిస్తుంది. అవ్వ మధ్యలో ఆపి, "మళ్లీ చదువమ్మా" అంటుంది.