కోనసీమ పెరటిలో పూల లెక్క

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ నొప్పు కోనసీమకు మేము గత భాద్రపదమున బోయితిమి. జొన్నాడ వద్ద గౌతమిని దాటి రావులపాలెము చేరినది మొదలు త్రోవ పొడుగునను కొబ్బరితోటలే. మేము విడిసిన బంధువుల యింటి పెరటి వసారాలో నొక గోడపంచాంగము వ్రేలాడుచుండెను. తిథుల ప్రక్కన నే మొక్క యేనాడు పూచినదో యా యింటి గృహిణి వ్రాసియుంచిరి.

అంతకు ముందటి యేట గుమ్మడి పిందెలన్నియు పండుబారి రాలిపోవుటచే నామె యీ లెక్క నారంభించిరట. గుమ్మడికి మగపూవు వేరు, ఆడుపూవు వేరు. ఉదయమున విచ్చిన పూవు లానాడే ముడుచుకొనును. ఆ కొలది గడియలలో తేనెటీగ పుప్పొడిని మోయనిచో పిందె నిలువదు.

ఆ వ్రాత చూచితిమి. మాఘమున మామిడి, మునగ; చైత్రమున వేప; ఆశ్వయుజమున పారిజాతము. ఆషాఢ శ్రావణములలో మాత్రము పాదుల పూవులు తప్ప వేరేమియు లేవు. ముసురునాళ్లలో మేత కరవైనచో తేనెటీగలు పట్టునే విడిచిపోవును.

ఈ వెలితి తీర్చుట కామె క్రొత్త మొక్కలు కొనలేదు. తొలకరికి మొలచిన తుమ్మిని కలుపని పెరికింపక విడిచిరి. తులసి వెన్నులు కొన్నింటిని త్రుంపక యుంచిరి. పూచు వేళ పురుగుమందులు చల్లుట మానిరి. మేము చూచునప్పటికి తెల్లని తుమ్మిపూలపై తేనెటీగలు మూగుచుండెను. పాదున నాలుగు గుమ్మడికాయ లూరుచుండెను.

సోదరీమణులారా! పెరడు లేనివారికి కుండీలోని తులసియైన నుండును గదా. మన యింట నే మాసము పూవులేక వెలవెలబోవునో యొక యేడాది వ్రాసి చూతము; ఆ మాసమునకు దగిన మొక్క నెన్నుకొందము.