బావగారి బండి

యంత్రాలకీ నాకూ చుట్టరికం తక్కువ. సైకిలు చెయిను ఊడితే వేసుకోగలను. అదైనా దారినపోయే కుర్రాడెవడూ కనిపించనప్పుడే. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో సంధులూ సమాసాలూ చెప్పుకు బతుకుతున్నవాణ్ణి. అలాంటి నేను అమెరికాలో మా అక్కయ్యగారి షెడ్డులో, ఒక గోల్ఫుబండి పక్కన రెండు పూటలు చతికిలబడి కూర్చున్నానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

అక్కయ్యావాళ్ళుండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి దక్షిణాన పీచ్‌ట్రీ సిటీ అనే ఊళ్ళో. 1959లో వెలసిన ఊరది. కార్లు తిరిగే రోడ్లు కాక, చెట్లమధ్యనుంచి సుమారు 100 మైళ్ళ పొడుగున వేరే బాటలు వేసుకున్నారు. వాటిమీద నడిచేవాళ్ళు నడుస్తారు, సైకిలు తొక్కేవాళ్ళు తొక్కుతారు, తక్కినవాళ్ళంతా గోల్ఫుబళ్ళే. గోల్ఫుబంతి మొహం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా ఆ బండిమీదే కూరలకి వెళతారు. హైస్కూలు పిల్లలు బళ్ళమీద చదువుకి వెళ్ళడం నా కళ్ళతో చూసేను.

బావగారిది గ్యాసుబండి అని అక్కయ్య చెబితే, సీటెత్తి సిలిండరు కోసం వెతికేను. అక్కడ పెట్రోలునే గ్యాసంటారట!

బావగారు ముప్ఫయ్యేళ్ళు మెకానికల్ ఇంజనీరుగా పనిచేసినవారు. నిరుడు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది గాని కుడిచెయ్యి తిరిగి రాలేదు. అక్కయ్యకి పెద్దరోడ్డుమీద కారు తోలాలంటే భయం. అంచేత సాయంత్రాలు ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని, ఈ బండిమీద చెరువుగట్టుకి తీసికెళ్ళేది. రెండు నెలలకిందట బండి ఆగింది. అప్పట్నించి ఆయన వరండాలో కుర్చీ దిగలేదు. కొత్త బాటరీ వేయించినా లాభం లేకపోయింది. ఎవరో మెకానిక్కు ఫోనులోనే విని, స్టార్టరు పోయిందని తేల్చేడట. దాని ఖరీదు విని అక్కయ్య బండి అమ్మెయ్యడానికి సిద్ధపడింది. కొనేవాడు ఆదివారం వస్తాడు. నేను దిగింది గురువారం.

"నాడి చూడకుండా వైద్యమేమిటోయ్ మాష్టారూ?" అన్నారు బావగారు నాతో. "స్టార్టరు పోయిందని ఎవడు కొలిచేడు?"

"మీరే కొలవకూడదూ?" అని నోరు జారేను. ఆయన తన కుడిచేతికేసి చూసుకుని ఊరుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"చేతులు నావి, బుర్ర మీది. పదండి," అన్నాను.

శుక్రవారం పొద్దున్న ఆయన కుర్చీ షెడ్డులోకి మారింది. మొదట వేలి ఉంగరం తీయించేరు. బాటరీ రెండు కొసలకీ అది తగిలితే వేలు కాలిపోతుందట. ముందుచక్రాలకి అడ్డు పెట్టించి, జాకీతో వెనకచక్రాలు లేవదీయించి, కింద స్టాండ్లు పెట్టించేరు.

తర్వాత పాఠం. కారులో స్టార్టరు వేరు, కరెంటు పుట్టించే యంత్రం వేరు. ఈ బండిలో రెండూ ఒక్కటే. బెల్టుతో ఇంజనుని తిప్పి లేపుతుంది. ఇంజను లేచాక అదే బెల్టుమీద తాను తిరిగి బాటరీ నింపుతుంది. పైగా పెడలు నొక్కితేనే ఇంజను లేస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. అంటే ప్రతి మలుపులోనూ స్టార్టరుకి పనే. (ఒకే పదం రెండర్థాలిస్తే మేం శ్లేష అంటాం. ఆ మాట బావగారితో అనలేదు.)

బాటరీకి మీటరు పెట్టేను. 12.6 వోల్టులు. నిండుగా ఉందన్నమాట. అక్కయ్య సీటుమీద కూచుని పెడలు నొక్కింది. "టక్". అంతే.

"ఆ టక్కుమన్నది సోలినాయిడు. అది పలికిందంటే తాళం, పెడలు కింది స్విచ్చీ బాగున్నట్టే. అసలు పలక్కపోతే అక్కడ వెతకాలి. ఇప్పుడు నొక్కి ఉంచి బాటరీ చూడు."

12.5.

"బాటరీ నీరసంగా ఉన్నా, స్టార్టరు బిగుసుకుపోయినా ముల్లు తొమ్మిదికో ఎనిమిదికో జారేది. జారలేదు. కరెంటు పోవడమే లేదోయ్!"

సోలినాయిడు రెండు పెద్దబోల్టులకీ మీటరు పెట్టమన్నారు. నేను ఒకటి పెద్దబోల్టుకీ ఒకటి చిన్నబోల్టుకీ పెట్టేను. మళ్ళీ చెప్పేరు. మళ్ళీ తప్పేను. మూడోసారి ఆయనకి కోపం వచ్చి, ఎడంచేత్తో మీటరు తీగ లాక్కుని కుడిచేతికి ఇవ్వబోయేరు. వేళ్ళు ముడుచుకోలేదు. తీగ జారి సిమెంటుమీద పడింది. ఎవ్వరం మాట్లాడలేదు. అక్కయ్య సీటుమీంచి దిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూటకి పని ఆగింది.

సాయంత్రం కాఫీ తాగుతూ నేనే అన్నాను: "బావగారూ, మా క్లాసులో మొద్దుపిల్లాడికి నాలుగోసారి కూడా చెబుతాను."

"నువ్వెంత ఓపికమంతుడివో అక్కయ్య చెప్పిందిలే," అని లేచేరు.

ఈసారి సరైన బోల్టులకే పెట్టేను. ఊరికే ఉన్నప్పుడు 12.6, టక్కుమనగానే దాదాపు సున్నా. అంటే సోలినాయిడు దారి ఇస్తోంది.

"అయితే స్టార్టరే పోయిందా?"

"తొందరపడకు. వెళ్ళే దారే చూశాం, తిరిగొచ్చే దారి చూశామా? ఒక కొస బాటరీ రుణధ్రువానికి, ఒకటి స్టార్టరు ఒంటికి పెట్టు. స్టార్టరు లోపలి బ్రష్షులు అరిగిపోతే ఇక్కడ సున్నా రావాలి. నల్లకేబులు చెడితే వోల్టులు కనిపిస్తాయి."

అక్కయ్య నొక్కింది. 11 దాటింది.

బావగారు కుర్చీలో వెనక్కి వాలి, చాలాకాలానికి నవ్వేరు. కొత్త బాటరీ వేసినవాడు పైకొస మాత్రం తోమి, పాతకేబులే బిగించేడు. బాటరీ రుణధ్రువం ముందు విప్పి, ఆ కేబులు రెండోకొస ఊడదీశాను. తొడుగులోపల రాగితీగలు పచ్చబడి పొడిపొడిగా రాలేయి. సోలినాయిడు పలకడానికి చాలినంత కరెంటు ఆ మిగిలిన నాలుగు పోగుల్లోంచీ పోతుంది. ఇంజను తిప్పడానికి చాలదు.

శనివారం కొత్త కేబులు తెచ్చి, రుణధ్రువం ఆఖర్న బిగించేను. ఖర్చయింది ఒక పూట హోటలు భోజనమంత. అక్కయ్య పెడలు నొక్కింది. బండి లేచింది. కాలు తీసి మళ్ళీ నొక్కింది, మళ్ళీ లేచింది. ఊరికే అలా నాలుగుసార్లు నొక్కింది.

ఆదివారం సాయంత్రం కొనేవాడు వచ్చేడు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. బండేదని అడిగేడు. చెరువుగట్టుకి వెళ్ళిందని, ఎప్పుడొస్తుందో చెప్పలేనని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పి పంపేశాను.