గంటా పది నిమిషాలు

రేణిగుంట నుంచి హైదరాబాదుకు విమానంలో ఎంతసేపు? మా క్లాసులో ఎవర్నడిగినా గంటా పది నిమిషాలంటారు. నేనూ అదే చెప్పేవాణ్ణి. చెప్పి ఊరుకోక, లెక్కగట్టి నిరూపించేవాణ్ణి కూడా. బి.ఎస్సీ. చదివేవాడికి ఆ మాత్రం గర్వం ఉండదా?

లెక్క ఇదీ. రేణిగుంట విమానాశ్రయం 13.63 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. 2008 మార్చిలో బేగంపేటకు బదులుగా తెరిచిన శంషాబాదు విమానాశ్రయం 17.23 డిగ్రీల మీద ఉంది. తేడా 3.6 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి 400. రేఖాంశాల తేడా 1.1 డిగ్రీలు. దాన్ని 111తోనూ, నడిమి అక్షాంశపు కొసైన్‌తోనూ గుణిస్తే పడమరకు 118. ఆపైన పైథాగరస్ ఉండనే ఉన్నాడు. సుమారు 417 కిలోమీటర్లు. రైలు రాత్రంతా పోయే చోటికి, గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్ విమానానికి అరగంట పని! మిగతా సమయం రన్‌వే దాకా పోవడానికి, పైకెక్కడానికి, నెమ్మదించి దిగడానికి.

2024 జూన్‌లో, తోతాపురి కోతలప్పుడు, మా అవ్వకు జబ్బు చేసింది. మా ఊరు చిత్తూరు దాటి ఇరవై కిలోమీటర్లు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అన్నకు నాయన కబురు చెప్పాడు. మర్నాడు పొద్దున ఎనిమిదికి అన్న ఫోన్ చేసి, "విమానానికి వస్తా ఉండా" అన్నాడు.

"ఎంతసేపురా?" అంది అవ్వ.

"గంటా పది నిమిషాలే అవ్వా!" అన్నాను గొప్పగా.

"అయితే వాడొచ్చినాకనే సంగటి తింటా" అని, మంచం వాకిట్లో చింతచెట్టు కిందికి వేయించుకుంది.

పది దాటింది. పన్నెండైంది. "యాడిదాకా వచ్చినాడు?" అని అడుగుతూనే ఉంది. నాయన మామిడికాయలు మండీకి తోలి తిరిగొచ్చాడు. అన్న రాలేదు.

పాపం, అన్న తప్పేముంది? గది నుంచి శంషాబాదుకు గంటన్నర. అక్కడ రెండు గంటల ముందే ఉండాలి. రేణిగుంటలో 2015లో కొత్త టెర్మినల్ కట్టారు గానీ, దాని వాకిట్లోంచి మా ఊరికి బస్సు లేదు. తిరుపతి బస్టాండుకు 15 కిలోమీటర్లు. అక్కడి నుంచి చిత్తూరుకు 70, రెండు గంటల ప్రయాణం. చిత్తూరులో మా పల్లె బస్సు కోసం ఇంకో గంట పడిగాపులు. ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. పది గంటల ప్రయాణంలో విమానంలో కూర్చున్నది గంటా పది నిమిషాలు!

అవ్వ అప్పటిదాకా మెతుకు ముట్టలేదు. అన్న తల నిమిరి, సంగతంతా విని, నా వైపు చూసి నవ్వింది.

"వీడికి లెక్కలు రావురా" అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పూట ఆమె తిన్నది నాలుగు ముద్దలు. ఆషాఢం దాటకముందే పోయింది.

ఆ లెక్క మళ్లీ వేసి చూశాను. తప్పేమీ లేదు. 417 కిలోమీటర్లే. కాని అది రెండు రన్‌వేల మధ్య దూరం. మనకోసం ఎదురుచూసేవాళ్లు రన్‌వే పక్కన కాపురముండరు కదా!

ఇప్పుడెవరైనా హైదరాబాదుకు ఎంతసేపని అడిగితే, నేను వెంటనే జవాబు చెప్పను. "ఏ వాకిలి నుంచి ఏ వాకిలికి?" అని అడుగుతాను.