పట్టేసిన పుల్లీ, నా సుత్తి తొందర

నేను చేసిన తప్పు మీరు చేయొద్దని రాస్తున్నా.

పోయినేడు మిరపకి నీళ్లు పెట్టే మోటారు బేరింగు పోయింది. బేరింగు మార్చాలంటే ముందు పుల్లీ రావాలి. తుప్పు పట్టి కదల్లేదు. కోపమొచ్చి అంచు మీద సుత్తితో కొట్టా. పోత ఇనుము కదా, చిట్లింది. కొత్తది దొరికేసరికి నాలుగు రోజులు. పూత మీదున్న చేను తల వాల్చేసింది.

ఆ కొత్త పుల్లీ గ్రీజు రాయకుండా ఎక్కించా. ఈ ఏడు అదీ పట్టేసింది. ఈసారి ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నా. పుల్లీ బొడ్డు మీదున్న స్క్రూ విప్పా. అది మరిచిపోతే ఎంత లాగినా రాదు. తుప్పు గీకి, సందులో డీజిలు పోసి రాత్రంతా వదిలేశా.

పొద్దున్నే మూడు కాళ్ల పుల్లర్ తగిలించా. కాళ్లు అంచుకి కాదు, బొడ్డు వెనక పట్టాలి. బోల్టు బిగుసుకున్నాక దాని తల మీద చిన్న దెబ్బ, మళ్లీ పావు చుట్టు. మూడోసారికి టక్కుమని కదిలింది!

షాఫ్టు గరుకు కాగితంతో రుద్ది, పల్చగా గ్రీజు రాసి ఎక్కించా. సాయంత్రానికి చేలో నీళ్లు పారాయి.

మన ఊళ్లో పుల్లర్ లేనోళ్లు మా ఇంటికొచ్చి తీసుకుపోండి. సుత్తి మాత్రం అడగొద్దు.