ఇండోరు నగరపు చెత్తబండి

ఉజ్జయినియందు మహాకాళేశ్వరుని సేవించి ఓంకారేశ్వరమునకు బోవు యాత్రికులకు నడుమ తగులు పట్టణము ఇండోరు. పూర్వము ఇందూరని పిలువబడిన మన నిజామాబాదు వేఱు, ఇది వేఱు. ఇది మాళవభూమి, హోల్కరుల నగరము. అహల్యాబాయి మహేశ్వరమున నుండి 1767 మొదలు 1795 వఱకు ఈ రాజ్యమును పాలించిన సంగతి సోదరీమణులు ఎఱిగినదే. మనవా రిచ్చట రెండుగంటలు నిలిచి, రాజవాడ జూచి, అటుకుల ఉపాహారము భుజించి వెడలిపోదురు. మేము రెండు దినములు నిలిచితిమి. మేము చూడగోరినది కోట కాదు, చెత్తబండి.

నవ్వవలదు. ఆ బండి వెనుక నగరపాలక సంస్థవారి పట్టుదల చాల గలదు. ప్రాతఃకాలమున పాట వినిపించుచు అది వీధిలోనికి వచ్చును. లోపల వేఱువేఱు అఱలు. తడిచెత్త, పొడిచెత్త, ప్లాస్టిక్కు, విద్యుత్సామగ్రి తుక్కు, రంగులు మందులవంటి హానికరములు, వాడి పారవేయు పసివారి గుడ్డలు మున్నగునవి – ఆఱు తెగలుగ ఇంటివారే విడదీసి యీయవలెను. మేము దిగిన యింటి యిల్లాలు అరటితొక్కలతో నొక పాలసంచి కలిపి యీయగా, బండివెంట వచ్చిన పడుచు మాఱుమాటాడక దానిని దీసి మరల ఆమె చేతనే పెట్టెను. ఆమెయు కోపింపలేదు. మా వీధిలోనైన ఇది యెంత కలహమునకు దారితీయునో!

దీనికిని గాలికిని సంబంధమేమందురేమో. మా యూర తెల్లవాఱకముందే వీధిచివర చెత్తకుప్పకు నిప్పు పెట్టుదురు. ప్లాస్టిక్కు కాలిన యా పొగలోని సన్నని మసి పసిపిల్లల ఊపిరితిత్తుల అడుగువఱకు పోవును. ఉబ్బసపు బిడ్డ గల తల్లి కిటికీలు మూసికొని కూర్చుండవలసినదే. పోనీ, కాల్చకుండ గుట్టవేసిన మేలా యన్న అదియు గాదు. అన్నము, కూరతొక్కలు గుట్టయడుగున గాలిసోకక మురిగి మీథేను అను వాయువును బుట్టించును. ఇరువదియేండ్ల లెక్కను జూచిన అది బొగ్గుపులుసు వాయువుకంటె 80 రెట్లు భూమిని వేడెక్కించును. ఆ వాయువే యంటుకొని గుట్టలు దినముల తరబడి పొగలు గ్రక్కును. పొగకొక మందు, భూతాపమునకొక మందు ఇచ్చట అక్కఱలేదు. రెంటికిని మూలము తడిచెత్త పొడిచెత్తతో గలియుటయే.

దేవగురాడియా యను చోట 100 ఎకరముల మేర ఇట్టి గుట్టయే యుండెను. పదిలక్షల టన్నులకు మించిన యా పాతచెత్తను నగరపాలకులు త్రవ్వి, జల్లించి, తొలగించిరి. 2022 ఫిబ్రవరి 19న అచ్చట తడిచెత్తనుండి వాయువు తీయు యంత్రాలయము తెఱవబడినది. దినమునకు 550 టన్నుల చెత్తను గైకొని, మూతవేసిన తొట్లలో మురుగబెట్టి, 17,000 కిలోల వాయువును, 100 టన్నుల ఎరువును ఇచ్చునట్లు దానిని నిర్మించిరి. ఆ వాయువు నగరపు బస్సులకు ఇంధనమగుచున్నది. ఆకాశమును వేడిచేయవలసిన మీథేనే డీజిలు పొగను మాన్పుచున్నదన్నమాట. చెత్త కలగాపులగమై వచ్చినచో తొట్లు సరిగా పనిచేయవు. అందుచేతనే పాలసంచిని గూర్చి యంత పట్టుదల.

ఎరువు విషయమున ఈ యూరికి పాతపేరే గలదు. 1924 మొదలు 1931 వఱకు ఆల్బర్టు హోవర్డు ఇచ్చటి పరిశోధనాలయమున నుండి, ఆకుచెత్త పేడలతో ఎరువుజేయు పద్ధతిని గుదిర్చెను. అది నేటికిని ఇండోరు పద్ధతి యనియే లోకమున బరగుచున్నది.

పరిశుభ్రనగరముల పరీక్షలో 2017 నుండి 2023 వఱకు వరుసగా ఏడుమాఱులు (కడపటిమాఱు సూరతుతో సమానముగ) ప్రథమస్థానము దీనికి దక్కినది. 2023లో గాలిశుద్ధి పరీక్షయందును పెద్ద నగరములలో ఇదియే ప్రథమము. అంతమాత్రమున గాలి నిర్మలమైనదనుకొనరాదు. సాయంకాలము రాజవాడ చెంత మోటారుబండ్ల పొగకు మేము కొంగులు ముక్కున కడ్డము పెట్టుకొంటిమి. 2013లో బస్సులకై ప్రత్యేకించిన మార్గమును తొలగింపవలసినదని 2025లో హైకోర్టు ఆజ్ఞయైనది. మాకది విడ్డూరముగ దోచినది.

పొడిచెత్త వేఱుచేయు చోటికిని వెళ్లితిమి. ఒకప్పుడు పొగలుగ్రక్కు గుట్టపై చిత్తుకాగితము లేఱుకొన్న స్త్రీలు కొందఱు నేడు కప్పుక్రింద, చేతొడుగులతో, ముఖమునకు గుడ్డకట్టుకొని ఆ పనియే చేయుచున్నారు. దగ్గు తగ్గినదా యని యొకామె నడుగగా, తగ్గినదని తలయూచెను. కూలి చాలునా యని యడుగగా, నవ్వి, మరల తన పనిలో బడెను.