సరి – బేసి

చింతపిక్కలతో సరిబేసి ఆడే రోజుల్లో నేనెప్పుడూ ఓడిపోతూండేవాణ్ణి. పెద్దయ్యాక కూడా అదే ఆటలో ఓడిపోతానని మాత్రం అనుకోలేదు.

కంప్యూటర్ని లోపల్నుంచి నడిపించే లినక్సు ఉంది చూశారూ, దాన్ని 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. 1994లో 1.0 వచ్చింది. ఆ తర్వాత వాళ్ళొక ముచ్చటైన ఆచారం పెట్టుకున్నారు. చుక్క పక్కన సరి అంకె ఉంటే – 1.2, 2.0, 2.2, 2.4 – పదిమందీ వాడుకోదగ్గ సరుకు. బేసి అంకె ఉంటే – 1.3, 2.1, 2.3, 2.5 – ఇంకా పొయ్యిమీద ఉడుకుతున్నదన్నమాట. చెయ్యి పెడితే కాలుతుంది. ఎంత నిజాయితీ! మనుషుల నుదుటిమీద కూడా ఇలాంటి అంకె ఉంటే పెళ్ళిచూపులు ఎంత తేలికయ్యేవోనన్నాను. "మీకైతే బేసే ఉండేది" అంది మా ఆవిడ.

2002లో నా కంప్యూటర్లో 2.4 బుద్ధిగా పనిచేస్తూండేది. నాన్నగారు చిన్ననాటి సంగతులు చెబుతూంటే రోజూ రాత్రి టైపు చేసేవాణ్ణి. అరవై పేజీలయ్యాయి. ఇంతలో 2.5 కంటబడింది. నాలుగుకంటే అయిదు పెద్దదే కదా అని ఎక్కించేశాను. డిస్కు వ్యవహారం చూసే భాగాన్ని వాళ్ళప్పుడు విప్పి మళ్ళీ కడుతున్నారు. రెండోనాటికి నాన్నగారి బాల్యం మాయం! ఎవర్ని అనను? బేసి అని వాళ్ళు చెప్పనే చెప్పారు. ఇంకోచోట దాచుకోకపోవడం నా తెలివి.

నాన్నగారు కోప్పడలేదు. "దానికేంరా, మళ్ళీ చెబుతా, రాసుకో" అన్నారు. చెప్పారు కూడా. కానీ గోదావరి వరదలో మా నాయనమ్మ ఆవుదూడని చంకనెత్తుకుని అటకెక్కిన సంగతి మాత్రం రెండోసారి ఎంతకీ సాగలేదు. "అలా చెప్పానా?" అన్నారు అమాయకంగా.

2003 డిసెంబరులో 2.6 వచ్చింది. ఆ తర్వాత సరిబేసి ఆచారమే పోయింది. 2011లో 2.6.39 తర్వాత ఏకంగా 3.0 అనేశారు. పెద్ద మార్పేమీ లేదనీ, అంకెలు మరీ పెరిగిపోయాయనీ ఆయనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు బేసి అంకెకి ఎవరూ భయపడక్కర్లేదు.

నాన్నగారు లేరు. నా దగ్గరున్నది రెండో ప్రతి. పదిమందికీ చూపించదగ్గదే, సరి అంకే. నా మనసు మాత్రం పోయిన ఆ బేసి ప్రతిలో, అటకమీద, దూడ పక్కనే ఉండిపోయింది.