కాంచ్ రీఫ్ యాత్ర: పీపా స్పంజికల సన్నిధిలో

అమెరికాలో ఫ్లోరిడా ద్వీపకల్పపు దక్షిణ కొస నుంచి నైరుతి దిశగా వంపు తిరిగి సాగే చిన్న దీవుల వరుసను ఫ్లోరిడా కీస్ అంటారు. ఆ వరుసలోని కీ లార్గో నుంచి బయలుదేరిన పడవ మడ అడవుల అంచును, సముద్రపు గడ్డి పరచుకున్న లోతులేని నీళ్లను దాటి, అట్లాంటిక్ లోతులు మొదలయ్యే చోట ఉన్న కాంచ్ రీఫ్ అనే పగడపు దిబ్బను చేరుతుంది. పగడపు జీవులు తరతరాలుగా విసర్జించిన సున్నం గట్టిపడి ఏర్పడిన ఈ దిబ్బను ఒరుసుకుంటూ ఫ్లోరిడా ప్రవాహం వెచ్చని, తేటనీటిని ఉత్తరానికి మోసుకుపోతూ ఉంటుంది.

శ్వాసపరికరాలతో దిగిన యాత్రికునికి పది, పదిహేను మీటర్ల లోతు నుంచి ఎరుపు కలిసిన గోధుమ రంగులో, గరుకైన గోడలతో, పైన నోరు తెరిచి ధాన్యపు గాదెల్లా నిలిచిన ఆకారాలు కనిపిస్తాయి. ఇవే జెస్టోస్పాంజియా మ్యూటా అనే శాస్త్రీయ నామం గల పీపా స్పంజికలు. మొక్కల్లా కదలకుండా ఉన్నా ఇవి జంతువులే. నోరు, కడుపు, గుండె, నాడులు ఏవీ లేకుండానే జీవించే పొరిఫెర వర్గానికి చెందినవి. గాజుకు మూలమైన సిలికాతో తయారైన కంటకాలు, అంటే సూదుల వంటి సూక్ష్మ నిర్మాణాలు, వీటి దేహానికి గట్టిదనాన్ని ఇస్తాయి.

ఈ నిశ్చలత్వం పైకి కనిపించేది మాత్రమే. పరిశోధకులు గోడ పక్కన హానిలేని రంగునీటిని వదిలితే, అది బయటి రంధ్రాల గుండా లోపలికి పీల్చబడి, కొద్దిసేపటిలోనే పై ద్వారం నుంచి పొగలా ఎగసివస్తుంది. కాలర్ కణాలు అనే సూక్ష్మ కణాలు తమ కశాభాలను, అంటే కొరడా వంటి తంతువులను, ఎడతెగక ఆడిస్తూ ఈ ప్రవాహాన్ని పుట్టిస్తాయి. ఆ నీటిలోని బాక్టీరియాను వడగట్టి ఆహారం చేసుకోవడమే కాక, నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని కూడా స్పంజిక గ్రహిస్తుంది. గోడల పైపొరలో నివసించే సయనోబాక్టీరియా, అనగా కిరణజన్య సంయోగక్రియ జరిపే సూక్ష్మజీవులు, దాని రంగుకు కారణం. వెలుగు సోకని లోపలి కణజాలం పాలిపోయి ఉంటుంది. గోడలపై అక్కడక్కడ కనిపించే లేతరంగు గాట్లు చిలుక చేపలు కొరికిన గుర్తులు.

దిబ్బ అంచున ఉన్న రాతిసందుల్లోకి చూపు సారిస్తే, పలుచని పొరలుగా అంటుకొని పెరిగే చిన్న స్పంజికలు దర్శనమిస్తాయి. పగడాలు, శైవలాలు నీటిలోకి వదిలే కరిగిన సేంద్రియ పదార్థాన్ని చేపలు తినలేవు. అయితే ఇటువంటి సందుల స్పంజికలు దానిని గ్రహించి, తమ పాత కణాలను వేగంగా విడిచిపెట్టగా, ఆ రాలిన కణాలు పురుగులకు, పీతలకు ఆహారమవుతాయని కరీబియన్‌లోని కురసావ్ దీవిలో పనిచేసిన శాస్త్రవేత్తలు 2013లో ప్రకటించారు. పోషకాలు అరుదైన నీటిలో ఇంతటి జీవవైవిధ్యం నిలవడానికి ఈ ‘స్పంజిక వలయం’ ఒక ముఖ్య కారణం.

పీపా స్పంజికల వయస్సు యాత్రికుని వినమ్రుణ్ణి చేయదగినది. పెరుగుదల రేటు ఆధారంగా 2008లో వెలువడిన అధ్యయనం, కాంచ్ రీఫ్‌లో కొలిచిన వాటిలో పెద్దదానికి సుమారు 127 ఏళ్లు, కురసావ్ తీరాన జీవించిన మరొక దానికి దాదాపు 2300 ఏళ్లు ఉండవచ్చని అంచనా కట్టింది. అంతటి దీర్ఘాయుష్షు గల ఆ కురసావ్ స్పంజిక రోగం సోకి కొద్ది వారాల్లోనే నశించింది. లంగరు గొలుసు తగిలినా ఇటువంటి దేహం మొదలంటా తెగిపోగలదు గనుక, పడవలు లంగరు వేయకుండా తాడుతో కట్టుకోవడానికి కీ లార్గో దిబ్బల వద్ద 1980ల ఆరంభం నుంచి తేలే బోయాలను ఏర్పాటు చేస్తూ వచ్చారు.

ఇటీవలి దశాబ్దాల్లో ఫ్లోరిడా కీస్‌లో పగడాలు వేగంగా క్షీణిస్తుండగా, 2000–2006 మధ్య కాంచ్ రీఫ్‌లో పీపా స్పంజికల సాంద్రత సగటున 46 శాతం పెరిగింది. ఈ పెరుగుదలను దిబ్బ కోలుకుంటున్నదనడానికి సూచనగా భావించరాదు. స్పంజికలు నీటిని వడగట్టగలవు, ఆహారపు గొలుసును నిలపగలవు, చిన్న జీవులకు ఆశ్రయమివ్వగలవు. కానీ అలల తాకిడి నుంచి తీరాన్ని కాచే సున్నపు కట్టను పగడాల వలె అవి నిర్మించలేవు. కట్టేవాటిని పోగొట్టుకున్న దిబ్బ, వాటిపై ఆధారపడి నిలిచే స్పంజికలను సైతం కాలక్రమంలో నిలుపుకోలేదు. అందుచేత ఈ దిబ్బల సంరక్షణలో పగడాన్ని, స్పంజికను వేర్వేరుగా లెక్కించక, ఒకే జీవన వ్యవస్థలోని రెండు అవసరాలుగా చూడడం తప్పనిసరి.